ఎర్రగడ్డ బండ

'నేను ఒక రాయిని' అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. ప్రతి నాణెమూ, ప్రతి పాత సైకిలూ తన కథ అలాగే ఎత్తుకుంటుందని విన్నాను. నా చిక్కంతా ఆ 'ఒక' దగ్గరే. నేను ఒకటి కాదు. నాలో నాలుగు వందల పన్నెండు పొరలు ఉన్నాయని కర్నూలు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మెహరున్నీసా మేడమ్ భూతద్దం పెట్టి లెక్కగట్టింది. మధ్యలో టీ తాగడానికి లేచి, తిరిగొచ్చి కూర్చునేటప్పటికి పద్నాలుగు పొరలు దాటేసింది. పోనీలే అని ఊరుకున్నాను. వంద కోట్ల ఏళ్ళు ఊరుకున్నదానికి ఇంకో పూట ఊరుకోవడం ఏం కష్టం?

మనుషులకు రాళ్ళంటే చులకన. చదువు రాకపోతే రాయి అంటారు, జాలి లేకపోతే రాయి అంటారు, పిలిస్తే పలక్కపోతే బండరాయిలా కూర్చున్నావేంరా అంటారు. పలకడం మాకు రాదని ఎవరు చెప్పారో తెలియదు. సుత్తెతో కొట్టి చూడండి, పలుకుతాం. నా కథంతా ఆ పలుకు చుట్టూనే తిరిగింది.

ముందు నా పుట్టుక చెప్పాలి. బేతంచెర్లకు అవతల తంగెడుమిట్ట అనే ఊరుంది. ఎనిమిది వందల అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప పైకి రాదు. ఆ ఊరు ఒకప్పుడు సముద్రం. నమ్మకపోతే మీ ఇష్టం, నేను అందులోనే పుట్టాను. పెద్ద లోతేం కాదు, మోకాలి లోతు నీళ్ళు. అందులో చేప లేదు, నత్త లేదు, గవ్వ లేదు, ఒడ్డున గడ్డిపరక లేదు. ఉన్నదల్లా పాచి. మీరు బావి గట్టు మీద కాలు జారి పడి తిట్టుకుంటారే, అలాంటి పాచి. నా వంశం అదే, దాచుకోవడం దేనికి?

ఆ పాచికి ఎండ కావాలి. పోటు వచ్చినప్పుడల్లా సున్నపు బురద వచ్చి దాని మీద కూర్చునేది. పాచి ఊరుకుంటుందా? బురదలోంచి మెల్లగా పైకి పాకి మళ్ళీ ఎండలో పరుచుకునేది. మళ్ళీ బురద, మళ్ళీ పాకడం. ఒక్కో పాకుడుకు ఒక్కో పొర, గోరు మందం కూడా ఉండదు. పొర మీద పొర పడి, మధ్యలో ఉబ్బి, బోర్లించిన గిన్నెల్లా తయారయ్యాం. పాచి చచ్చిపోయింది, దాని ఇల్లు మిగిలింది. ఆ ఇల్లే నేను. బతికున్నన్నాళ్ళూ అది వదిలిన గాలి లోకమంతా నిండి, తర్వాత వచ్చిన ప్రతి ప్రాణికీ పనికొచ్చింది. దానికి ఇంతవరకు ఎవరూ దండం పెట్టింది లేదు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పెద్దగా ఏమీ జరగలేదు. నా మీద ఇంకో బురద పడింది, దాని మీద ఇంకోటి. బరువుకు నీళ్ళు పిండుకుపోయి గట్టిపడ్డాం. సముద్రం ఎటో పోయింది. నేల లేచింది, కొండలు అరిగాయి. రాక్షసి బల్లులు వచ్చాయట, పోయాయట. నేను చూడలేదు, లోపల ఉన్నాను. చివరికి పైన తంగెడు చెట్లు మొలిచాయి, వాటి పక్కన మనుషులు గుడిసెలు వేశారు, గడ్డపారలు తెచ్చారు.

ఆ చుట్టుపక్కల నాపరాయి లేనిదే బతుకు లేదు. ఇంటికి గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, అరుగు నాపరాయి, మేకలదొడ్డికి కంచె కూడా నిలబెట్టిన నాపబండలే. మా చుట్టాలు ఎంత బుద్ధిమంతులంటే, పొర పట్టి గడ్డపార పెడితే చాపల్లా తిన్నగా లేచి వస్తారు. నేనున్న వరుస ఒక్కటే తిన్నగా రాదు. లోపల గిన్నెలున్నాయి కదా, వంకరగా చీలుతుంది, ముక్కలవుతుంది. అంచున రాలిన ముక్కల్లో గుండ్రంగా పొరలు కనిపిస్తాయి, కోసిన ఎర్రగడ్డలో కనిపించినట్టు. అందుకే గనిలో మమ్మల్ని 'ఎర్రగడ్డ బండ' అనేవారు. ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. మాట వినడానికి ముద్దుగానే ఉన్నా, దాని అర్థం 'దిబ్బ మీద పారెయ్యి' అని.

ఇక్కడొక వింత చెప్పాలి. మా గనిలోనే కొన్ని బండల మీద నల్లగా ఆకుల్లాంటి, కొమ్మల్లాంటి గీతలుంటాయి. దాన్ని 'చెట్టు బండ' అంటారు. కొనేవాళ్ళు ఎగబడతారు. కోట్ల ఏళ్ళ నాటి చెట్టు రాయిలో అచ్చుపడిందని చెప్పుకుని గోడలకు అంటించుకుంటారు. నిజానికది చెట్టూ కాదు, పుట్టా కాదు. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు తెచ్చిన మరక, అంతే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ప్రాణమున్నదాని గుర్తు నాలో ఉంది, నన్ను దిబ్బ మీదికి తోశారు. ఒకప్పుడు ఈ మాట తలుచుకుంటే నాకు మండేది.

ఇక మద్దిలేటి. తంగెడుమిట్ట గనిలో నలభై ఏళ్ళు చెవితో పనిచేసిన మేస్త్రి. చెవితోనా అని అడగకండి, చెబుతాను. బండను లేపే ముందు ఆయన చిన్న సుత్తెతో మూడుచోట్ల కొట్టి వినేవాడు. ఖంగుమంటే 'కంచు' అనేవాడు. అంటే పొర తిన్నగా ఉంది, పగులు లేదు, ఉలులు పెట్టుకోవచ్చు. మొద్దుగా పలికితే 'బోలు' అనేవాడు. అంటే వదిలెయ్యండి. ఆయన కంచు అన్నది ఎన్నడూ విరగలేదు. గని యజమాని కంబగిరి ఆయనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. ఆయన మాట పడేదాకా ఎవరినీ గడ్డపార ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నా వరుసను ఆ నలభై ఏళ్ళలో మద్దిలేటి చాలాసార్లు కొట్టి చూశాడు. ప్రతిసారీ 'బోలు' అని పక్కకు జరిగేవాడు. అయితే జరిగే ముందు కాసేపు నిలబడేవాడు. ఎందుకు నిలబడేవాడో నాకు అప్పుడు తెలియదు. బహుశా బీడీ వెలిగించుకోవడానికేమో అనుకున్నాను.

గనిలోకి కంప్రెసరు మిషన్లు వచ్చాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మోత. ఏళ్ళ తరబడి దాని పక్కనే నిలబడి నిలబడి, రాళ్ళ మాట వినే ఆ చెవులు మెల్లగా మూతపడ్డాయి. ముందు కుడిది, తర్వాత ఎడమది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది. అంతకుముందు చెవి మందగించిన ఇద్దరిని, ట్రాక్టరు వెనక్కి వస్తుంటే వినబడక ప్రాణం మీదికి వస్తుందని, కంబగిరి ఇంటికి పంపేశాడు. వాళ్ళలో ఒకాయన పొద్దున లేచింది మొదలు బస్టాపు దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులకేసి చూస్తూ ఉంటాడు. మద్దిలేటికి ఆ కూర్చోవడం తలుచుకుంటేనే భయం. గని కాక ఆయనకు వేరే లోకం లేదు.

ఈ సంగతి పసిగట్టింది ఆయన కోడలు సుంకులమ్మ. అదే గనిలో రాతిముక్కలు తట్టకెత్తి దిబ్బ మీద పోసే పని ఆమెది. ఒకరోజు ఆయన వెనక నిలబడి, "మామా, ట్రాక్టరొస్తాంది" అని మూడుసార్లు అరిచింది. ఆయన కదల్లేదు. రెక్క పట్టి లాగి, మొహం చూసింది. మర్నాడు ఆయన బండ మీద సుత్తె వేసినప్పుడు ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. రాయి ఖంగుమంటే తట్ట కుడి చంకన పెట్టుకుంది. మొద్దుగా పలికితే ఎడమ చంకకు మార్చుకుంది. ఆయన చూశాడు. ఒక్క మాట లేకుండా ఒప్పందం కుదిరిపోయింది. రెండేళ్ళపాటు తంగెడుమిట్ట గని మొత్తం ఒక ఆడమనిషి తట్ట మీద నడిచింది, ఆ ముచ్చట యజమానికి తెలియదు.

తర్వాత నా వంతు వచ్చింది. ఒక బడి వరండాకు పొడుగు బండలు కావాలని అడిగారు. మంచి వరుసలు అయిపోయాయి. నా వరుస దగ్గరికి వచ్చేటప్పటికి కంబగిరి, "మద్దిలేటన్నా, దీన్ని ఒకతూరి సూడు" అన్నాడు. మద్దిలేటి వచ్చాడు. మూడుచోట్ల కొట్టాడు. నేను ఎప్పటిలాగే మొద్దుగా పలికాను. సుంకులమ్మ తట్టను ఎడమ చంకకు మార్చింది. నేను చూశాను.

మద్దిలేటి చెప్పులు విప్పాడు. వట్టి కాళ్ళతో నా మీద నిలబడి ఇంకోసారి కొట్టాడు. అలాగే చాలాసేపు నిలబడ్డాడు. ముసలాయన బడాయి పోతున్నాడు అనుకున్నాను.

"కంచు," అన్నాడు.

సుంకులమ్మ తట్ట ఎత్తి మళ్ళీ ఎడమ చంకన గట్టిగా పెట్టుకుంది. ఆయన అప్పటికే అటు తిరిగి ఉలులు ఎక్కడెక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీస్తున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ సామెతకు కాళ్ళూ చేతులూ వచ్చి నా ఎదుట నిలబడ్డాయి. అంతమందిలో ఆమె నోరు తెరిచి చెప్పలేదు, చెబితే గుట్టు బయటపడుతుంది. చెప్పకపోయినా పడుతుంది.

పదకొండు మంది పొద్దుటి నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా సమ్మెటలు వేశారు. చివరి ఉలి దిగగానే నేను చీలాను. తిన్నగా కాదు. ఎత్తూ పల్లంగా, గిన్నె గిన్నెకూ మలుపు తిరుగుతూ, అడ్డదిడ్డంగా చీలి ఆరు ముక్కలయ్యాను. వరండాకు కాదు కదా, వంటింట్లో చెంబు పెట్టుకోవడానికి కూడా పనికిరాని బండ. అందరూ సమ్మెటలు దించారు. మద్దిలేటి ఒక్కడే వంగి నా లోపలికి చూస్తున్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు అనుకున్నాను.

కంబగిరి దగ్గరికి వచ్చాడు. పక్కనున్న గడ్డపార తీసుకుని మద్దిలేటి వీపు వెనకాల బండ మీద పడేశాడు. ఆ మోతకు గనిలో ఉన్న ప్రతి మనిషీ ఉలిక్కిపడి చూశాడు. మద్దిలేటి చూడలేదు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి నిదానంగా తిరిగాడు.

"ఎన్నాళ్ళ నుంచన్నా?" అని అడిగాడు కంబగిరి.

పెదవుల కదలిక పట్టి మద్దిలేటి జవాబు చెప్పాడు. "రెండేండ్లయితాంది."

"ఇంగ ఇంటికాడ ఉండన్నా. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను." కంబగిరి చేతులతో సైగ చేస్తూ అన్నాడు. చెడ్డవాడు కాదు, గొంతులో నిజంగానే బాధ ఉంది. మద్దిలేటి చెప్పులు వేసుకుని, చిన్న సుత్తెను భుజం మీది తువ్వాలలో చుట్టుకుని మిట్ట దిగి వెళ్ళిపోయాడు.

సుంకులమ్మ ఆ సాయంత్రం దిబ్బ దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఎండ ఆయన కండ్లల్లో పడేటట్టు నిలబడితిని. నా తట్ట ఆయనకు కనపడలే. ఇంగో పక్కన నిలబడి ఉంటే మా మామ పని పోతా ఉండ్లా," అని పక్కనున్న ఆడవాళ్ళతో చెప్పుకుంది. వాళ్ళు ఓదార్చారు. తప్పు తనదేనని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. మనిషి మనసులో కూర్చున్న పొరను లేపాలంటే నాపరాయి పొరను లేపినంత సులువు కాదు.

నా ఆరు ముక్కల్లో పెద్దది దిబ్బ మీద నాలుగు నెలలు పడి ఉంది. ఆ ముక్కనే నేననుకోండి. తర్వాత సుంకులమ్మ నన్ను ట్రాక్టరు మీద ఇంటికి తెప్పించుకుంది. మామ పని పోగొట్టిన రాయిని ఇంట్లో ఎవరైనా పెట్టుకుంటారా అని అత్త తిట్టింది. ఆమె వినలేదు. బట్టలుతకడానికి ఎగుడుదిగుడు బండ బాగుంటుందంది. కసి తీర్చుకోవడానికే తెప్పించుకుందని నా అనుమానం, ఎందుకంటే దుప్పట్లు ఉతికేటప్పుడు ఆమె నన్ను కొట్టిన దెబ్బలు సమ్మెట దెబ్బలకేం తీసిపోవు. సముద్రం పోయాక నా ఒంటి మీద నీళ్ళు పడింది మళ్ళీ అప్పుడే, అందుకని ఓర్చుకున్నాను.

మద్దిలేటి బస్టాపుకు వెళ్ళలేదు. ఉతుకుడు అయిపోయాక నా పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. చెంబుతో నీళ్ళు పోసి, తడిసిన పొరలు నల్లగా తేలితే వేలితో వాటి వెంట తిరిగేవాడు. పని లేని ముసలాయనకు పొద్దుపోవడం లేదు పాపం అనుకున్నాను. ఇన్నిసార్లు 'అనుకున్నాను' అంటున్నానని మీరు గమనించే ఉంటారు.

ఏడాది తిరిగింది. మెహరున్నీసా మేడమ్ పిల్లల్ని వెంటబెట్టుకుని గనులు చూపించడానికి వచ్చి, తాగడానికి నీళ్ళడిగి ఆ ఇంటి ముందు ఆగింది. చెంబు అందుకుంటూ నన్ను చూసింది. చెంబు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సబ్బునీళ్ళలో తడుస్తున్నా చూసుకోకుండా నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సుంకులమ్మ కంగారుపడి, "అయ్యో, జారుతాది మేడమ్, దానికి పాచి పట్టింటాది," అంది.

"పాచి పట్టడం కాదమ్మా, ఇది పాచే," అంది మేడమ్. సముద్రం సంగతి, ఎండ కోసం పాకడం సంగతి అంతా వివరంగా చెప్పింది.

సుంకులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "అయితే నేను సంవత్సరం నుంచి పాచి పోవల్లని పాచినే రుద్దుతాండానా? బాగుండాది నా బతుకు," అంది. పిల్లలు నవ్వారు. చాలా రోజులకు ఆమె కూడా నవ్వింది.

గిన్నెలు పైనుంచి ఇంత నిండుగా కనిపించేలా చీలిన బండ తనకెక్కడా దొరకలేదని మేడమ్ చెప్పింది. దొరకదు మరి. చెవి ఉన్న మేస్త్రి ఎవడూ ఈ బండను చీల్చడు. కాలేజీలో పెట్టుకుంటానని అడిగింది. మద్దిలేటి తల ఊపాడు. బదులుగా ఉతుకుడుకు మంచి నాపబండ ఒకటి కొనిస్తానని మేడమ్ అంటే, సుంకులమ్మ గరుకుది చూసి పంపమంది.

అలా ఇక్కడికి వచ్చాను. కిటికీ పక్కన బల్ల, మీద గాజుపెట్టె. పక్క పెట్టెలో చెట్టు బండ ఒకటి ఉంది. దాని కింద 'ఇది శిలాజం కాదు' అని పెద్దక్షరాలతో రాసినా, చూడవచ్చినవాళ్ళు ముందు దాని దగ్గరే ఆగుతారు. నాకిప్పుడు మంట లేదు, అలవాటైంది. నా ముందున్న చీటీలో ఇలా ఉండేది: 'పాచి పొరల శిలాజం. తంగెడుమిట్ట. గని పనిలో పొరపాటున చీలింది. ఇచ్చినవారు: మద్దిలేటి.'

పోయిన నెల మద్దిలేటీ సుంకులమ్మా నన్ను చూడటానికి వచ్చారు. కర్నూలు ఆస్పత్రిలో ఆయన చెవులు చూపించి, ఇక లాభం లేదనిపించుకుని, బస్సుకు ఇంకా సమయం ఉందని ఇటు వచ్చారు. మేడమ్ గాజుమూత తీసింది. సుంకులమ్మ చీటీ చదువుకుంటూ 'పొరపాటున' అన్న మాట దగ్గర ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

"ఏం రాసినారు?" అని అడిగాడు మద్దిలేటి. చెవిటివాళ్ళకు ఉండే పెద్దగొంతు. ఆమె ఆయనకు కనపడేటట్టు పెదవులు కదుపుతూ ఒక్కో మాటా చెప్పింది.

ఆయన చీటీని చూశాడు, నన్ను చూశాడు. "పొరపాటు కాదు," అన్నాడు. "చీల్లేదు. నేను చీల్చినా."

"మామా?"

"నువ్వు తట్ట ఎడమ దిక్కుకు మార్చినావు. నేను సూసినా. సూడకపోయినా నా అరికాలుకు తెలుసు అది బోలని." ఆయన నా మీద అరచెయ్యి పెట్టాడు. "నలభై ఏండ్లు బోలు, బోలు అని దీన్ని వదిలిపెడతా వస్తి. బోలని తెలుసు, లోపల ఏముండాదో తెలీదు. అంచున రాలిన ముక్కలు సూసినోళ్ళే గాని, నిండు బండను ఎవురూ ఇప్పి సూడ్లా. చెవులు పోయె, ఈ పొద్దు కాకపోతే రేపు పని పోతాది. పొయ్యేలోపల ఒక్కతూరి ఇప్పి సూడల్లనుకున్నా. పదకొండు మంది కష్టం పాడు చేస్తి. ఆ తప్పు నాది, నీది కాదు."

సుంకులమ్మ కిటికీ వైపు తిరిగింది. "ఏడాదిన్నర నుంచి నాకు అన్నం సయిస్తాలేదు మామా. నా వల్లే నీ పని పాయెనని. అప్పుడే ఒక మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోతా ఉన్నె?"

ఆమె మొహం తిప్పుకుని అంటోంది కాబట్టి ఆయనకు పెదవులు కనపడలేదు. "ఏమంటాంది?" అని మేడమ్‌ను అడిగాడు. సుంకులమ్మ తిరిగి ఆయన భుజం మీద ఒక్క దెబ్బ వేసింది, దుప్పటి ఉతికినట్టు కాదు, మెల్లగానే. ఆయనకు అర్థమైంది. కోడలి తల మీద చెయ్యి పెట్టాడు.

ఇంతవరకు నేను ఈ కథను ఒక పొరపాటు కథగానే చెప్పుకుంటూ వచ్చాను. 'కంచు' అనడం పొరపాటు, నేను చీలడం పొరపాటు, మనుషులు చెట్టు బండను మెచ్చుకోవడం పొరపాటు. నలభై ఏళ్ళు నా మీద నిలబడి ఒక మనిషి లోపల ఏముందా అని అనుకుంటుంటే, బీడీ కోసం ఆగాడనుకున్నది మాత్రం నేనే. నన్ను తెలుసుకోవడానికి తన పని వదులుకున్నవాడు ఒకడున్నాడని ఇన్నాళ్ళూ తెలియలేదు. నాకు సంతోషంగా ఉంది. రాయికి సంతోషమేమిటంటారా, మీ ఇష్టం.

మేడమ్ పెన్ను తీసి 'పొరపాటున చీలింది' కొట్టేసి, పైన 'మద్దిలేటి చీల్చాడు' అని రాసింది. సుంకులమ్మ పక్కనే నిలబడి, అక్షరం అక్షరం సరిచూసి తల ఊపింది. బస్సుకు వేళైంది. మద్దిలేటి తువ్వాల ముడి విప్పి చిన్న సుత్తె తీశాడు. ఒక అరచెయ్యి నా మీద ఆన్చి, రెండో చేత్తో మెల్లగా ఒక్కసారి కొట్టాడు.

సుంకులమ్మ చేతిలో ఆస్పత్రి కాగితాల సంచి ఉంది. ఆమె దాన్ని ఎడమ చంకకు మార్చుకుంది.

"బోలే," అన్నాడు మద్దిలేటి, తృప్తిగా.